సగం సగం మింగిన గోళీలు

పోయిన నెల నా బిడ్డ చనిపోయింది. పొద్దున బియ్యం ఏరుతుంటే అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తమ్మా, నీ బిడ్డ దక్కలే" అన్నాడు. పిండం గర్భసంచిలో కాకుండా పక్కనున్న నాళంలో పెరిగింది. నాళం పగిలి రక్తమంతా లోపలే పోయింది. ఆస్పత్రికి చేరేసరికే ఆలస్యమైందట. నేను పెద్దగా చదువుకోలేదు. బిడ్డ గురించి నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

లాల్‌పేట్‌లో పుట్టి విరూర్‌కు కోడలై పోయింది. ఏది చేతికొచ్చినా సగం చేసి పంచేది. సమోసా తెచ్చిస్తే విరిచి పెద్ద ముక్క పక్కవాళ్ళకు పెట్టేది. నేను తిడితే, "చిన్న ముక్కనే కరకర ఉంటదమ్మా" అని నవ్వేది. ఆ నవ్వుకు నా కోపం నిలిచేది కాదు.

పెళ్ళైన కొత్తలో పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట. మా దిక్కు ఎండలకు ఆడవాళ్ళందరం అనే మాటే అదీ అంది. "వేడి చేసిందమ్మా, అంతే." తగ్గకపోతే డాక్టరమ్మకు చూపించుకుంది. ఇది గుప్తరోగం, మొగుడి నుంచి అంటింది, ఇద్దరూ మందు మింగాలని ఆమె చెప్పింది. అల్లుడు వినలేదు. "నాకేం నొప్పి లేదు, నేనెందుకు పోవాలె?" అన్నాడు. ఆ రోగం చాలామందిలో చప్పుడు చేయకుండా ఉంటుందని మాకు తర్వాత తెలిసింది. నా బిడ్డ తన గోళీల్లోనే సగం తీసి, బలానికని చెప్పి అతనితో మింగించింది. సగం మందుతో ఎవరి రోగమూ పోలేదు. లోపల నాళాలు పాడై చివర్లు మూసుకుపోయాయి. మీ ఇంట్లో ఇట్లాంటిది ఉంటే సిగ్గుపడకండి, ఇద్దరినీ కలిపి పంపండి.

పిల్లలు కాలేదు. ఎవరడిగినా "నాదే తక్కువ" అనేది. నాతో మాత్రం, "ఆయన పరువు తీస్తే నాకేమొస్తదమ్మా?" అనేది. చివరికి టెస్ట్‌ట్యూబ్ పద్ధతికని నాగపూర్ పోయారు. అక్కడ ముందుగా ఇద్దరికీ పరీక్షలు చేస్తే అతనిలోనూ రోగం బయటపడింది, తలవంచుకుని బిడ్డతో పాటు మందు మింగాడు. "గీ గోళీ గప్పుడే మింగితే మనం నాగపూర్ చూసేటోళ్ళమే కాదు" అని బస్సులో ఆటపట్టించిందట. రోగమైతే పోయింది, పాడైన నాళాలు బాగుపడలేదు. పిండాన్ని సంచిలో పెట్టినా నాళంలోకి పోయి నిలిచింది. అది మాకు తెలియదు. "అమ్మా, నిలిచింది. ఎవలకు చెప్పకు, దిష్టి తాకుతది" అని ఫోన్‌లో గుసగుసగా చెప్పింది. నేను విన్న ఆఖరి సంతోషం అదే.

పదో రోజు వాగు ఒడ్డున బిడ్డ పేరు మీద విస్తరిలో అన్నం వడ్డించి పిట్టకు పెట్టాం. కాకి రాలేదు. పోయినవాళ్ళ మనసులో ఏదైనా మిగిలితే రాదంటారు మావాళ్ళు. వియ్యపురాలు గట్టిగానే అంది, "గొడ్డుదాయె. కడుపు కోరిక తీరకపాయె. ఇంకేం వస్తది?" నా నోటిదాకా వచ్చింది. కానీ బిడ్డ అన్నేళ్ళు దాచిన మాట నేనెట్లా బయటపెట్టను?

అల్లుడు తడి బట్టలతోనే లేచి తల్లి దిక్కు తిరిగాడు. "అవ్వా, దాన్ని గొడ్డుదనకు. రోగం నేను తెచ్చిన. మందు మింగమంటే మింగలే. నా ఇజ్జత్ పోవద్దని అది నీతోటి మాటలు పడ్డది" అన్నాడు. వచ్చిన చుట్టాలందరూ విన్నారు.

కాకి అప్పటికీ రాలేదు. వియ్యపురాలు మెల్లగా పోయి విస్తరి పక్కన ఎండలో కూర్చుంది. నా బిడ్డను ఎన్నడూ కూర్చోబెట్టి అన్నం పెట్టని మనిషి, మెతుకుల మీద వాలే ఈగలను కొంగుతో తోలుతూ ఉంది.