నల్ల గీతల మధ్య క్రెమెనా

వ్రబ్నీత్సా పట్టణంలో మందుల షాపులో పనిచేసే క్రెమెనా ఎదురుగా వస్తుంటే జనం రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవారు. చెడ్డ మనిషని కాదు. దొరికితే చాలు, కిండర్‌గార్టెన్ సంగతి ఎత్తుతుంది. ఊళ్లో పిల్లలు తగ్గిపోయారని, ఉన్న ఆ ఒక్కదాన్నీ చలికాలం లోపు మూసేయాలని మునిసిపల్ కౌన్సిల్ ఆలోచన. మూస్తే ఆమె నాలుగేళ్ల కూతురు బిల్యానా తెల్లవారకముందే బస్సెక్కి, కొండ దారిలో పక్క ఊరికి పోవాలి. డ్రైవరు కంటి చుక్కల మందు ఎంత తరచుగా కొంటాడో క్రెమెనాకు తెలుసు. మంచు పడ్డ రోడ్డు మీద, ఆ మలుపులో, బ్రేకు వేస్తే బస్సు ఎంత దూరం జారుతుందో ఆమె బుర్ర తనంతట తానే లెక్కలు కట్టేది.

చివరికి తానే కౌన్సిల్‌కు పోటీ చేయాలని నిర్ణయించుకుంది.

పోస్టర్ల కోసం పెన్చో దగ్గరకు వెళ్లింది. ఊళ్లో ప్రెస్సు అతనిదొక్కటే. ఏళ్ల తరబడి అతను అచ్చువేస్తున్నది మరణ ప్రకటనలు. పైన ఫోటో, కింద పేరు, వయసు, నాలుగు మంచి మాటలు, చుట్టూ నల్ల గీత. ఎవరు పోయినా వాటిని ఆ ఇంటి తలుపు మీద, కరెంటు స్తంభాల మీద, బస్టాపులో అతికిస్తారు.

"ఫోటో ఇచ్చావు, రాయాల్సింది ఇచ్చావు, ఇంక నువ్వు నిశ్చింతగా ఉండమ్మాయ్," అన్నాడు పెన్చో. "నా చేతికి అలవాటైన పనే. అతికించేదీ నేనే."

అన్నట్టే చేశాడు. చేతికి అలవాటైన పనే చేశాడు.

శనివారం వేకువన బిల్యానాకు చెవిపోటు, ఒళ్లు కాలిపోయే జ్వరం. అంబులెన్సు వచ్చింది. కంగారులో క్రెమెనా ఫోను వంటగదిలోనే మరిచిపోయి, పిల్లను దుప్పట్లో చుట్టుకుని జిల్లా ఆసుపత్రికి పోయింది. భర్త స్పెయిన్‌లో ఎక్కడో లారీ తోలుతున్నాడు. తెల్లవారాక పెన్చో తన అలవాటు ప్రకారం మొదటి కాగితం ఆమె ఇంటి తలుపుకే అంటించి, మిగతావి ఊరంతా అతికించి, సారా కాచుకోవడానికి పల్లెకు వెళ్లిపోయాడు.

ఊరు నిద్రలేచి చూసింది. అంబులెన్సు వచ్చి వెళ్లింది. ఇంటికి తాళం. తలుపు మీద నల్ల గీతల మధ్య క్రెమెనా నవ్వు. ఫోను చేస్తే మూసిన ఇంట్లో మోగుతోంది. కింద ఇలా ఉంది: "పిల్లలంటే ప్రాణం. ఆదివారం పదింటికి సంస్కృతి భవనం ముందు కలుద్దాం."

ఆదివారం, జ్వరం తగ్గిన పిల్లతో క్రెమెనా బస్సు దిగేసరికి సంస్కృతి భవనం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. తన సభకు ఇంతమందా! ఆమెకు కళ్లు చెమర్చాయి. అప్పుడు గమనించింది, అందరూ నల్లబట్టల్లో ఉన్నారు, కరెంటు స్తంభం మీద నల్ల గీతల మధ్య తన ఫోటో ఉంది. మైకు ముందు కౌన్సిల్ అధ్యక్షుడు స్టామెన్ నిలబడి ఉన్నాడు. మొన్న గురువారమే ఆమెను జోరీగ అన్న మనిషి.

"ఎంత పట్టుదల! ఎంత ప్రేమ!" అంటున్నాడు. "ఆమె ఆఖరి కోరిక కిండర్‌గార్టెన్. రేపటి సమావేశంలో దాన్ని మూయబోమని తీర్మానం చేస్తాం. ఆ తల్లి ఆత్మకు ఇది నా మాట!"

పక్కింటి దోన్కా వెనక్కి తిరిగి, క్రెమెనాను చూసి గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

"అత్తా, నేనే. బతికే ఉన్నాను."

"కనిపిస్తూనే ఉందిలే, అరవకు!" అని దోన్కా ఆమెను పత్రికల కొట్టు వెనక్కి లాగింది. "నిన్నట్నుంచి నీకోసం ఏడ్చి నా కళ్లు వాచిపోయాయి. సిగ్గు లేదూ నీకు?"

"ఆయనకి చెప్పేస్తాను, ఇదంతా పొరపాటని."

"చెప్పు, పో. మాటిచ్చింది చచ్చినదానికి, నీక్కాదు అంటాడు. చలికాలమంతా నా మనవడూ నీ కూతురూ ఆ గుడ్డి డ్రైవరు బస్సులో! రేపు మధ్యాహ్నం దాకా కాస్త చచ్చి ఉండలేవూ?"

"అబద్ధం కదత్తా!"

"నువ్వేం అంటున్నావు గనక? అంటున్నది ఆయన. శవాన్ని సోమవారం దాకా ఆసుపత్రివాళ్లు ఇవ్వరని పోస్టుమాన్ మీత్కో అందరికీ ఒట్టేసి చెబుతున్నాడు. వాడి పరువేం కావాలి?"

క్రెమెనా దోన్కా ఇంట్లో దాక్కుంది.

"అమ్మా, చచ్చిపోతే చాక్లెట్ తినొచ్చా?" అడిగింది బిల్యానా.

"తినొచ్చు."

"అయితే నేనూ."

క్రెమెనా పిల్ల నోటి మీద చెయ్యి పెట్టేసింది.

సోమవారం కౌన్సిల్లో అన్ని చేతులూ లేచాయి. సభ్యులంతా పూలతో కిండర్‌గార్టెన్ గేటు దాకా నడిచి వచ్చారు. అక్కడ క్రెమెనా ఫోటో పెట్టి ఉంది, ఊరంతా ఉంది. జనం వెళ్లేదాకా ఆగుదామని క్రెమెనా సందు మొదట్లో నిలబడింది. కానీ బిల్యానాకు తన స్నేహితులు కనబడ్డారు. చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది. ఆ వెనకే చచ్చిపోయిన తల్లి పరుగెత్తింది.

గేటు దగ్గర జనం రెండుగా చీలి దారిచ్చారు.

"ఇది మోసం!" స్టామెన్ ముఖం ఎర్రబడింది. "తీర్మానం ఒక చనిపోయిన మనిషి కోసం చేశాం. ఈ పూటే రద్దు..."

"అంటే, నేను పోతే తెరుస్తారు, ఉంటే మూస్తారా?" అంది క్రెమెనా.

"ఏం అధ్యక్షా, మళ్లీ చంపి తెమ్మంటావా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

దోన్కా ముందుకు వచ్చింది. ఆ ఊళ్లో పోయినవాళ్లకు సరి సంఖ్యలో పూలు తెస్తారు, ఉన్నవాళ్లకు బేసి సంఖ్యలో. తన గుత్తిలోంచి ఒక చామంతి లాగి కింద పారేసి, మిగతావి క్రెమెనా చేతిలో పెట్టింది. మీత్కో మొహం మాడ్చుకుని అలాగే చేశాడు. తర్వాత కిండర్‌గార్టెన్ వంటామె, తర్వాత వరసగా అందరూ.

చివరికి స్టామెన్ ఒక్కడే మిగిలాడు, చేతుల్లో అందరికన్నా పెద్ద గుత్తితో. వచ్చే ఆదివారం ఓట్లు. ఊరు ఊరంతా ఆయన వేళ్లనే చూస్తోంది. ఆయన ఒక తెల్ల చామంతిని పట్టుకున్నాడు, వదిలాడు, మళ్లీ పట్టుకుని లాగాడు.

"సంతోషం," అన్నాడు పళ్లు బిగబట్టి, గుత్తి అందిస్తూ. "మీరు... ఉన్నందుకు."

లాగిన పువ్వును అందరి ముందు పారేయలేక బిల్యానాకు ఇచ్చాడు. ఒక్కటే కాబట్టి ఫరవాలేదు.

ఎన్నికలో క్రెమెనా ఓడిపోయింది. "తొందరపడి లేచొచ్చావు, ఇంకో వారం ఓపిక పట్టుంటే గెలిచేదానివి," అని దోన్కా సాధిస్తూనే ఉంది. క్రెమెనా ఊఁ కొట్టి ఊరుకునేది. మొదటి మంచు పడ్డ పొద్దున బిల్యానా చెవుల మీదకు టోపీ లాగి, చెయ్యి పట్టుకుని, రెండు వీధుల అవతల ఉన్న ఆ గేటు దాకా నెమ్మదిగా నడిపించుకుంటూ వెళ్లింది.