రేడియో ముల్లు చివర వినిపించిన గొంతు

రేడియోలు విప్పి చూసేవాడికి దయ్యాల మీద నమ్మకం కుదరదు. గొంతు ఎక్కడ పుడుతుందో, ఏ తీగలోంచి వస్తుందో నాకు తెలుసు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే నా వెధవతనం కూడా చెప్పుకోవాలి, అదీ ఒక కారణం.

ఎనభైల చివర్లో జహీరాబాద్‌లో, హైవే పక్క సందులో నాకు రేడియో రిపేరు దుకాణం ఉండేది. ఎదురిల్లు అల్లం వ్యాపారి నాగప్ప సేఠ్‌ది. ఆయన బొంబాయి నుంచి తీగ లేని ఫోన్ తెప్పించాడు. చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ మాట్లాడొచ్చు. సందు సందంతా వెళ్లి చూసొచ్చింది.

వారం తిరక్కుండానే, బాగుచేసిన ఒక రేడియోలో మీడియం వేవ్ ముల్లును కుడివైపు చివరికంటా తిప్పితే సేఠ్ గొంతు వినిపించింది. అల్లం రేటు మాట్లాడుతున్నాడు. ఆ ఫోన్ గాలిలోకి వదిలే మాట చుట్టుపక్కల ఏ రేడియోకైనా చిక్కుతుందని అర్థమైంది. వెళ్లి చెప్పాను.

సేఠ్ గాభరాపడ్డాడు. "ఇగ యాపారం మాటలన్ని పాత ఫోన్లనే" అని గుమాస్తాలకు హుకుం వేశాడు. మరి దీన్నేం చేస్తారని అడిగాను.

"పారేస్తమా? ఆడోళ్లు మాట్లాడుకోని. ఆళ్లకేం రహస్యాలుంటయ్?" అన్నాడు.

ఫోన్ కోడలు సుమిత్ర చేతికి వెళ్లింది. భోజనాలయ్యాక బీదర్‌లో ఉన్న అక్కతో మాట్లాడేది. ఆ మాటలు బయటికి పోతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పైగా రేడియో తెచ్చి గడప దగ్గర పెట్టాను. బల్ల మీద నలుగురు చేరేవాళ్లు. చాయ్ తాగుతూ, పల్లీలు నములుతూ, ఒక ఆడపిల్ల ఏడుపు వింటూ ముసిముసి నవ్వులు. సరిగా వినబడటం లేదంటే నేనే లేచి సౌండు పెంచేవాణ్ణి. థూ, అదీ ఒక బతుకేనా!

ఒకరోజు సుమిత్ర అక్కతో చెప్పుకుంది. హైదరాబాద్ డాక్టరు పరీక్షలు చేశాడట. పిల్లలు కలగకపోవడానికి లోపం భర్తలోనే ఉందట. ఈ సంగతి బయటపడితే అత్తింట్లో తనను ఉండనివ్వరని ఏడ్చింది. పొద్దుగూకేలోపు సందంతా పాకింది. మొగుడి పరువు తీసిందని మూడోరోజే సుమిత్రను బీదర్ బస్సెక్కించారు. సేఠ్ ఆ ఫోన్ తెచ్చి నా దుకాణంలో విసిరేసి, "ముక్కలు చేసుకో" అన్నాడు.

చేశాను. బ్యాటరీ తీసేశాను, లోపలి ప్లేట్లన్నీ ఊడదీశాను.

మర్నాడు మధ్యాహ్నం, అలవాటుగా ఆ నలుగురూ బల్ల మీద చేరాక, ఆ ముక్కలు నా ముందుండగానే, రేడియోలో సుమిత్ర మాట్లాడింది. ఈసారి ఏడుపు లేదు.

"అక్కా, నలుగురు కూసున్నరు. తలుపుదిక్కు కూసున్నాయన చాయ్ చల్లగైంది, తాగుతలేడు."

తలుపు దగ్గరున్నాయన గ్లాసు వదిలేసి పరుగెత్తాడు. మిగతావాళ్లు చెప్పులు కూడా వేసుకోలేదు. నేను స్విచ్ ఆపాను. గొంతు ఆగలేదు. వెనక మూత లాగి సెల్లులు తీసేశాను. అవి నా గుప్పిట్లో ఉండగానే మళ్లీ అంది.

"అన్నా, నీకు ముందుగాలే ఎర్క. నాకొక్క మాట చెప్తే ఏమైతుండె?"

అంతే. తర్వాత చప్పుడు లేదు.

మర్నాడే బీదర్ వెళ్లాను. వాళ్ల అక్క తలుపు తీసింది. నిన్న సుమిత్ర ఎక్కడికైనా ఫోన్ చేసిందా అని అడిగాను.

"ఫోనా? వచ్చినకాడికెల్లి నోరే తెరుస్తలేదన్నా. దవాఖానల గూడ చూపిచ్చినం. బువ్వ తింటవా అంటె ఉత్తగనే చూస్తది."

లోపలి గదిలో సుమిత్ర గోడకానుకుని కూర్చుని ఉంది.

సెల్లులు లేని రేడియో ఎలా పలికిందో, నోరు తెరవని మనిషి గొంతు అందులోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. తప్పయిపోయింది తల్లీ అని చెప్పడానికే అంతదూరం వెళ్లాను. సుమిత్ర తలెత్తి నన్ను చూసింది. నేను ఒక్క మాటా చెప్పకుండానే తిరుగు బస్సెక్కాను.