మీగడ రంగు కర్టెన్లు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో వనపర్తిలో ఇల్లు కట్టుకున్నప్పుడు నాకు కళ్లు నెత్తికెక్కాయి. మా స్కూల్లో నాతో పనిచేసే టీచరమ్మ ఇంట్లో మీగడ రంగు కర్టెన్లు చూసి వచ్చాను. తెల్ల గోడలు, తెల్ల బండలున్న మా ఇంటికి అవే నప్పుతాయని పట్టుబట్టాను. ఎనిమిది కిటికీలకూ ఒకటే రంగు. పువ్వులుండకూడదు, అంచులుండకూడదు.

మా అత్తమ్మ పుట్టిల్లు గద్వాల. మెత్తటి నూలుకు పట్టు అంచున్న చీరలు ఆరు పెట్టెలో దాచుకుంది. మామయ్య పోయాక రంగు చీర కట్టడం మానేసింది. మా వాళ్లలో కట్టనివ్వరు. వాటిని నాకిస్తానంటే, భర్త పోయినామె చీరలు నాకొద్దని మొహం మీదే చెప్పాను. పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పేదాన్ని నేను.

గృహప్రవేశానికి వారం ముందు స్కూలు నుంచి కొత్తింటికి వచ్చేసరికి ముందు గది కిటికీలకు వంకాయ రంగు, చిలకపచ్చ, పసుపు వేలాడుతున్నాయి. ఆరు చీరలనూ కిటికీల కొలతకు కోయించి, దర్జీతో కుట్టించి, లంగా నాడాలతో తనే కట్టింది. స్టూలు దిగి నా మొహంలోకి చూసింది.

"ఎట్లున్నయి బిడ్డా? నేనైతె కట్టుకోవద్దాయె. ఇంటికన్న కడ్దామనుకున్న."

"ఇది ఇల్లనుకున్నవా, టెంటు హౌసనుకున్నవా అత్తమ్మా?" అన్నాను.

మా ఆయన పేపరు వెనక దాక్కున్నాడు. అలాంటప్పుడు ఆయనకు ఎక్కడో ఒక పేపరు దొరుకుతుంది.

అన్నీ నేనే లాగేశాను. అత్తమ్మ నా వెనకే ఒక్కొక్కటీ ఏరి మడత పెట్టుకుంటూ వచ్చింది. చివరికి వంకాయ రంగుది గుండెకు పట్టుకుని, "జర నా అర్ర కిటికికన్న ఉండనియ్యి. ఎనుక దిక్కే గద, ఎవ్వరికి కానరాదు" అంది. ఎనిమిది కిటికీల్లో ఒక్కటి అడిగింది.

"అన్నిటికి మ్యాచింగ్ ఉండాలె. నీకు తెల్వదు, ఊకో" అన్నాను.

ఆదివారం పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె వీధిలోకి వస్తే పిలిచి ఆ చీర గుడ్డల మూట ముందు పెట్టాను. అత్తమ్మను అడగలేదు. గిన్నెలామె ఒకటి విప్పి, అంచు నిమిరి, "నిండు చీరలైతె బిందె ఇద్దునమ్మా. గిట్ల కోసినయి ఎవ్వరు కడ్తరు? మాకొద్దు" అని గంప ఎత్తుకుంది.

గడపలో నిలబడ్డ అత్తమ్మ మొహం తేటపడింది. ఎవరూ తీసుకోరు కాబట్టి ఇక ఇంట్లోనే ఉంటాయని ఆశపడింది. ఆ ఆశ నాకు కంటగింపైంది. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది గానీ, అప్పుడు నిజంగానే ఒళ్లు మండింది.

"మంచిదాయె, బండలు తుడువనీకి పనికొస్తయి" అని మూట తీసుకెళ్లి పనిమనిషి ముందు పడేశాను.

మర్నాడు పొద్దున కర్టెన్ల మనిషి వచ్చి స్టీలు రాడ్లు బిగిస్తుంటే, అత్తమ్మ మోకాళ్ల మీద కూర్చుని వంకాయ రంగు గుడ్డతో ముందు గది తుడుస్తోంది. పనిమనిషి బకెట్ పక్కన ఊరికే నిలబడి ఉంది.

"నన్ను ముట్టనిస్తలేదమ్మా" అంది నాతో.

బతికినన్నాళ్లూ మా ఇంటి బండలు అత్తమ్మే తుడిచింది. ఇంకొకరి చేతికి ఆ గుడ్డలు ఇవ్వలేదు. మొదట్లో, తుడవడం అయ్యాక వాటిని సబ్బు పెట్టి ఉతికి, అంచులు సాగదీసి, తన గది కిటికీ ఊచలకు ఆరేసుకునేది. గోడ మీద నీళ్ల చారలు పడుతున్నాయని నెల తిరక్కుండా అదీ మాన్పించాను.