పిడుగు పడేది నా మీదే

తప్పు చేసినవాణ్ణి వదిలేసి పక్కవాణ్ణి తిట్టడం మా పెదనాన్నకున్న ఏకైక అలవాటు. కుట్టుషాపులో ఆయన కటింగ్ మాస్టారు. ఆయనకు ఎదురుగా ఉన్న మిషను నాది. ఆ పక్కవాడెవడో వేరే చెప్పాలా?

మెట్ల మీద ఆయన దగ్గు వినిపిస్తే చాలు, మిషన్లన్నీ టక్కున ఆగిపోయేవి. నాకు గుండె గుభేలుమనేది. చొక్కా చేతులు పొట్టిగా కుట్టినవాడు ఓ మూలన నిశ్చింతగా కూర్చునేవాడు.

"ఏరా, కళ్ళు నెత్తికెక్కాయా?" అని నా మీద పడేవాడు పెదనాన్న.

"నేను కుట్టేది ప్యాంటు పెదనాన్నా!"

"మళ్ళీ ఎదురు చెప్తున్నావా!" అని రెండో విడత మొదలయ్యేది. ఓసారి కిటికీలోంచి జల్లు కొట్టి గుడ్డలు తడిస్తే, వాన పడనిచ్చినందుకు కూడా నేనే తిట్లు తిన్నాను.

ఒక మధ్యాహ్నం షాపులో మాడు వాసన గుప్పుమంది. కాజాలు కుట్టే అక్క ఇస్త్రీ పెట్టెను కోటు మీదే మరిచిపోయింది. వీపు మధ్యలో ఇంత మచ్చ! ఇంకొక్క బట్ట పాడైతే పని మానేసి ఇంట్లో కూర్చోవలసిందే అని ఓనరు ఆమెను ముందే హెచ్చరించాడు. పిల్లలున్న ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు.

అప్పుడే మెట్ల మీద దగ్గు వినిపించింది. వెనకే ఓనరు చెప్పుల చప్పుడు.

పెదనాన్న కోటును చూశాడు, అక్కను చూశాడు, నా వైపు తిరిగాడు.

"పక్కన ఇస్త్రీ పెట్టె కాలుతుంటే నిద్రపోతున్నావురా దున్నపోతా!"

"మాస్టారూ, అది నేనే..." అంటూ అక్క లేచింది.

"నోర్ముయ్!" అని గర్జించాడు, నా మీద. నేను తెరిస్తే కదా!

తిట్లు మా తాత దాకా వెళ్ళాయి. ఆ తాత తన తండ్రేనన్న సంగతి కూడా ఆయనకు గుర్తు రాలేదు. కోపంతో ఊగిపోతూ వచ్చిన ఓనరు చివరికి నాకే అడ్డం పడ్డాడు.

"చాల్లెండి మాస్టారూ, మనిషి చచ్చిపోయేలా ఉన్నాడు. కొత్త గుడ్డ తీసి మళ్ళీ కుట్టించండి."

ఓనరు వెళ్ళిపోయాడు. అక్క సూది పట్టుకుంది గానీ, చాలాసేపటి వరకూ దారం ఎక్కించలేకపోయింది.

ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర ధైర్యం కూడగట్టుకుని అడిగేశాను. "తప్పులు వాళ్ళవి, తిట్లు నావి. ఎందుకు పెదనాన్నా?"

ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "నేనే గట్టిగా తిట్టేస్తే ఓనరుకు తిట్టడానికి ఏం మిగలదురా. వాళ్ళను తిడితే ఇంటికెళ్ళి ఏడుస్తారు. నువ్వైతే నాతోనే ఇంటికొస్తావు, బుజ్జగించుకోవచ్చు."

"ఒక్కసారైనా బుజ్జగించావా?"

పెదనాన్న గతుక్కుమన్నాడు. ఆనక వంటింట్లో ఉన్న మా పెద్దమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"ఏమేవ్! వాడి కంచంలో కూర అయిపోయింది, కనిపించటం లేదా?"