బేకరీ ఫ్రిజ్ మోత

మా మామయ్య ఫ్రిజ్ మెకానిక్. ఇరవై రెండేళ్లుగా అదే పని. తలుపు తెరవకుండా, పక్కన చెవి ఆనించి, కంప్రెసర్ ఇంకెన్నాళ్లు నడుస్తుందో చెప్పేస్తాడు. ఆ చెవే ఆయన్ని చెడగొట్టింది. నాలుగేళ్లుగా వెళ్లిన ప్రతిచోటా ఫ్రిజ్ మోతని రికార్డు చేసుకొస్తున్నాడు. వాటిని కంప్యూటర్లో పొరలు పొరలుగా పేర్చి సంగీతం చేస్తాడు. దాన్ని డ్రోన్ అంటారట. ఎగిరేది కాదు. తాళం ఉండదు, పల్లవి ఉండదు, ఒకే మోత సాగుతూ సాగుతూ లోలోపల రంగు మారుతుంది.

మొదటిసారి వినిపించినప్పుడు అత్త పది నిమిషాలు ఓపిక పట్టింది.

"శ్రుతి బాగానే ఉంది. పాటెప్పుడొస్తుంది?"

"ఇదే పాట."

"అయితే మన ఫ్రిజ్ పొద్దస్తమానం పాడుతూనే ఉందిగా! ముందు దాన్ని బాగుచెయ్యి మహానుభావా."

"దాని జోలికెళ్లకు. అది మూడో పొర."

నేను కాలేజీ మానేసినప్పుడు చుట్టాలు తలా ఒక సలహా పడేశారు. మామయ్య మాత్రం హెడ్‌ఫోన్స్ చేతిలో పెట్టి, "ఎక్కడైనా అతుకు వినిపిస్తోందా చెప్పు" అన్నాడు. వినిపించింది. చెప్పేశాను. అన్నిటికంటే అడుగున ఉన్న పొర బేకరీ ఫ్రిజ్‌ది. మూడు నిమిషాల ముక్కనే పదిసార్లు అతికించాడు. అతుకు వచ్చిన ప్రతిసారీ మోత తడబడుతోంది.

ఆ వచ్చే ఆదివారం లైబ్రరీ హాల్లో తన సంగీతం వినిపించడానికి ఆయనకి అరగంట ఇచ్చారు. నలుగురి ముందు వినిపించడం అదే మొదలు.

"అతుకులతో వినిపించను. బేకరీలో అరగంట ఏకధాటిగా పట్టుకొద్దాం, పద."

శుక్రవారం మధ్యాహ్నం వెళ్లాం. ఫ్రిజ్ నడుస్తోంది. మోత లేదు.

బేకరీ ఆవిడ మురిసిపోతోంది. "మొన్న తలుపు రబ్బరు మార్చి వెళ్లారు చూడండి, అప్పట్నుంచి కిక్కురుమంటే ఒట్టన్నా!"

మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. రబ్బరు మార్చడానికి వెళ్లినవాడు, పనిలో పనిగా, వదులైన కంప్రెసర్ బోల్టు కూడా బిగించేశాడు. చెయ్యి అలవాటు కొద్దీ చేసేసింది. తన పాటని తనే రిపేరు చేసుకున్నాడు.

"చెల్లెమ్మా, దీన్ని కాసేపు చెడగొడతాను."

"ఏంటన్నా?"

"మళ్లీ బాగుచేసే వెళ్తాను."

ఆవిడ నా వైపు తిరిగింది. "తమ్ముడూ, ఈయనకి ఎండదెబ్బేమైనా...?"

"లేదండీ. ఎప్పుడూ ఇంతే."

మామయ్య ఫ్రిజ్ పక్కన బోర్లా పడుకుని, వెనక సందులోకి చెయ్యి దూర్చాడు. పావు చుట్టు వదులు చేస్తే గడగడ. వెంట్రుకవాసి బిగిస్తే మౌనం. లేవడం, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తల అడ్డంగా ఊపడం, మళ్లీ పడుకోవడం. రెండు గంటలు గడిచాయి. చొక్కా నిండా బూజు.

"ఇక కాదులే మామయ్యా."

"నువ్వెళ్లు. నేను రాను."

నేనూ కదల్లేదు. కాసేపటికి ఆయనే గభాల్న లేచాడు.

"బోల్టొక్కటే కాదురా! గోడ! మొన్న బయటికి లాగి, మళ్లీ గోడకి ఆనించలేదు."

ఇద్దరం కలిసి నాలుగువేళ్లంత వెనక్కి నెట్టాం. మోత లేచింది. గల్లాపెట్టె పక్కన సీసాల మూతలు వణికాయి. మామయ్య గబగబా మైకుని ఫ్రిజ్ డొక్కకి అంటించాడు.

"అరగంట తలుపు తెరవకు తల్లీ."

ఇరవై రెండో నిమిషంలో ఒకాయన చల్లటి నీళ్లడిగాడు. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టి, మూల ఉన్న కుళాయి చూపించింది.

రికార్డింగ్ అయ్యాక మామయ్య ఫ్రిజ్‌ని ముందుకి లాగి, బోల్టు బిగించి, చేతులు కడుక్కున్నాడు.

ఇంటికొచ్చి పాత ముక్కలు తీసేసి కొత్త పొర పెట్టాడు. అరగంటా కళ్లు మూసుకుని విన్నాను.

"లేదు మామయ్యా. అతుకు లేదు."

"మళ్లీ విను."

రెండోసారీ లేదు. అప్పుడు ఊపిరి వదిలాడు.

వంటింట్లోంచి అత్త. "మరి మన ఫ్రిజ్ సంగతి?"

"సోమవారం బాగుచేస్తా."

"ఒట్టు?"

"ఒట్టే. ముందు దాన్నీ ఓ అరగంట రికార్డు చేసుకుని."