ఒంటి తుమ్ము

పోయిన వారం నుంచి దగ్గితే తల వెనక పోటు వస్తోంది. వంగి బకెట్టు ఎత్తినా అంతే. ఎవరో లోపల పిడికిలి బిగించినట్టుండి, కాసేపటికి వదులుతుంది. ఇంట్లో చెప్పలేదు. చెబితే మా అమ్మాయి ఊరుకోదు. ఆ పోటును నేను మొదట చూసింది అమ్మ ముఖంలో.

అప్పుడు మేం అశోక్‌నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. నాన్న ఆఫీసు బషీర్‌బాగ్‌లో. నాన్నగారి తల్లిని మామ్మ అనేవాళ్ళం. ఆవిడ కోస్తా నుంచి వస్తూ ఊరి పద్ధతులన్నీ మూటగట్టుకుని వచ్చింది. వాటిలో అన్నిటికన్నా మొండిది తుమ్ము. గడప దాటబోతుంటే ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మారంటే వెనక్కి వచ్చి కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి. రెండో తుమ్ము పడితే సరే, లేదంటే ఆ పని ఆ రోజుకు లేనట్టే. అదే చంటిపిల్లలు తుమ్మితే ‘చిరంజీవ’ అనేది. అదేం న్యాయమో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ఆ వేసవిలో ప్రత్యేక రాష్ట్రం కావాలని ఊరంతా గొడవలు. నారాయణగూడలో పోలీసులు గ్యాసు వదిలితే ఘాటు మా వీధిదాకా వచ్చేది. అందరం దగ్గేవాళ్ళం, అమ్మ మాత్రం దగ్గుతూ రెండు చేతులతో తల పట్టుకునేది. గ్యాసు పోయింది గానీ అమ్మ నొప్పి పోలేదు. కారం దంచితే పోటు, బిందె ఎత్తితే పోటు. ఆఖరికి నవ్వినా పోటే. భోజనాల దగ్గర అమ్మను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించే నాన్న నోరు కట్టేసుకున్నారు. కంచాల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. బయటి గొడవలకంటే నాకు ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయం వేసేది.

“వేడి చేసిందే. మజ్జిగ తాగు, అదే సర్దుకుంటుంది,” అని మామ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. చిక్కడపల్లి డాక్టరుగారు దగ్గు తగ్గితే నొప్పీ తగ్గుతుందని ఎర్రమందు ఇచ్చారు. దగ్గు తగ్గింది. నొప్పి మాత్రం ఇంకా ఎక్కువసేపు ఉండసాగింది.

మా ఇంటి ఓనరమ్మ ఈ ఊరి మనిషి. ఆ రోజుల్లో మా యాస వినగానే ముఖం తిప్పుకునేవాళ్ళున్నా, ఆవిడ మాత్రం రోజూ వచ్చి అమ్మ పక్కన కూర్చునేది.

“చెల్లె, గిట్ల తల పట్టుకొని ఎన్ని దినాలు కూసుంటవ్? జర పెద్ద దవాఖానకు పోరాదు,” అనేది.

రెండోసారి చూసినప్పుడు డాక్టరుగారు కూడా అదే అన్నారు. “రేపే తీసుకెళ్ళండి, అశ్రద్ధ చేయకండి,” అని నాన్నతో అన్నారు. అన్నంతసేపూ అమ్మ వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున్నే రిక్షా వచ్చింది. అమ్మ గడప మీద కాలు పెట్టి తుమ్మింది. తుమ్మి, తల పట్టుకుని అక్కడే కూలబడింది.

“ఒంటి తుమ్ము. ఇవాళ కదలొద్దు,” అంది మామ్మ.

“ఇవాళే తీసుకెళ్ళమన్నారమ్మా,” అన్నారు నాన్న.

“ఆసుపత్రి ఎక్కడికి పోతుందిరా? శకునం కాదని వెళ్ళాక ఏదైనా అయితే?”

ఆ మాటతో నాన్న నీరుగారిపోయారు. అందరం అమ్మ ముఖంలోకి చూస్తూ రెండో తుమ్ము కోసం కాచుకున్నాం. అమ్మ పాపం ఎండకేసి తలెత్తి మరీ ప్రయత్నించింది. రాలేదు.

“పోదామా వద్దా సార్? ఏందో చెప్పుండ్రి,” అని అడిగి, కాసేపు చూసి రిక్షా అతను వెళ్ళిపోయాడు.

మర్నాడు బందు, ఆ వెంటనే కర్ఫ్యూ. వీధిలో పిట్ట కూడా కనిపించలేదు. అమ్మ చీకటి గదిలో గోడవైపు తిరిగి పడుకునేది. మామ్మ మీద నాకు అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

కర్ఫ్యూ సడలించిన పూట ఓనరమ్మే ఎక్కడినుంచో రిక్షా పిలిపించింది. గుమ్మం దగ్గరకు వచ్చి అమ్మ ఆగిపోయింది. ముక్కుపుటాలు అదిరాయి. వెనకే మామ్మ ఉంది. అమ్మ నా వంక ఒక్కసారి చూసి, కొంగుతో ముక్కూ నోరూ గట్టిగా అదిమేసింది. భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి, చప్పుడు మాత్రం బయటికి రాలేదు. ముఖం కందగడ్డలా అయిపోయింది. మామ్మ గమనించలేదు.

“క్షేమంగా వెళ్ళిరండి,” అంది.

రిక్షాలో నేను అమ్మ పక్కన కూర్చున్నాను. నాన్న వెనక సైకిలు మీద వస్తున్నారు. చిక్కడపల్లి బజారు దాటుతుంటే, “ఈసారి బాగా గట్టిగా వచ్చిందే,” అంది అమ్మ. నవ్వబోయి మానేసి, తల నా భుజం మీద వాల్చింది. నారాయణగూడ వచ్చేసరికి నా చేతిలో ఉన్న అమ్మ చెయ్యి జారిపోయింది. పిలిచాను. పలకలేదు.

తలలో నరం చిట్లిందన్నారు. తుమ్ము వల్లనా, ఆలస్యం వల్లనా, అసలు రాసిపెట్టే ఉందా అన్నది ఎవరూ చెప్పలేదు. అమ్మ మళ్ళీ కళ్ళు తెరవలేదు.

అణిచేసిన ఆ తుమ్ము సంగతి నేను మామ్మకు చెప్పలేదు. “ఆ రోజు శకునం బాగా చూసుకునే పంపించానే,” అని ఆవిడ పోయేదాకా నాతో అంటూనే ఉంది.

ఈ పొద్దున నేను తల పట్టుకోవడం మా అమ్మాయి చూసేసింది. వెంటనే ఆటో పిలిచింది. సరిగ్గా గుమ్మంలో నాకు తుమ్ము వచ్చింది. చెయ్యి దానంతటదే కొంగు మీదికి వెళ్ళింది. దించేశాను. వీధంతా వినపడేలా తుమ్మాను. పోటుకు కళ్ళు బైర్లు కమ్మి, తలుపు పట్టుకుని నిలబడ్డాను.

“కాసేపు కూర్చుంటావా అమ్మా? నీళ్ళు తేనా?” అంది మా అమ్మాయి.

“వద్దు, పద,” అన్నాను.