తెంపిన తాయెత్తు

విజ్జేశ్వరం నుంచి నరసాపురం వెళ్లే కాలువ పడవలో, జ్వరంతో మగతగా పడుకున్న ఒక జాలరి చేతికి తాయెత్తు కనిపించింది. మూఢనమ్మకాల మీద ఉపన్యాసం దంచి, అందరూ చూస్తుండగా దాన్ని తెంపేశాను.

"ముందు ఆసుపత్రికి తీసుకెళ్లమ్మా!" అని అతని భార్యను గద్దించాను.

ఆమె నా దగ్గరకు జరిగి గొంతు తగ్గించింది. "అక్కణ్ణించే వస్తున్నామండి. గుండెలో తలుపులుంటాయంట, వాటికి ఎప్పుడూ చూడని పురుగేదో పట్టిందంట. మందు లేదన్నారండి డాక్టరుగారు. మా ఆయనకి ఆ మాట చెప్పలేదు. తాయెత్తుతో తగ్గిపోద్దన్నాను. అప్పణ్ణించే కాస్త గంజి తాగుతున్నాడండి."

ఇంతలో అతను కళ్లు తెరిచి, ఖాళీ చేతిని తడుముకున్నాడు.

"ముడి వదులైందయ్యా," అని అబద్ధమాడి, నా చేతులతోనే తిరిగి కట్టాను.

తాయెత్తుల మీద తరువాత ఎన్నో సభల్లో మాట్లాడాను. ఆ పడవ సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు.